మార్కుల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా ఎందుకొస్తుంది: మీ బడి రిజిస్టర్లలోనే కారణం వెతికే పద్ధతి

ఆదోని వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు స్టాఫ్ రూములో ఏటా వినపడేది ఒకటే మాట: "మళ్లీ ఆడపిల్లలే." 2025లో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మాయిలు 84.09 శాతం, అబ్బాయిలు 78.31 శాతం పాసయ్యారు. తెలంగాణలో 94.26, 91.32. అంతకు ముందు ఏడాది ఆంధ్రలో 89.17, 84.32. ఆ మాట వెంటే వచ్చే వివరణ కూడా మారదు. "ఆడపిల్లలు బుద్ధిగా చదువుతారు, మగపిల్లలకు ఒళ్లు వంగదు." చాలా ఏళ్లు నేనూ అదే అన్నాను.

ఒక జూన్‌లో టీసీలు రాసి పెట్టుకుని కూర్చున్నాను. ఆ ఏడు బడి ఫస్టు వచ్చిన పాప టీసీ కోసం ఎవరూ రాలేదు. జూలై అయింది, ఆగస్టు అయింది. అదే వీధిలో ఉండే అబ్బాయి రెండు సబ్జెక్టులు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. వాళ్ల నాన్న అప్పు చేసి కర్నూలులో హాస్టలున్న కాలేజీలో ఎంపీసీలో చేర్పించాడు. పాప టీసీ మా బీరువాలో అలాగే ఉండిపోయింది. పేపర్లో గెలిచిందెవరో, నిజంగా ముందుకు పోయిందెవరో నాకు ఆ రోజు అర్థం కాలేదు. వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

బుద్ధి, బద్ధకం అనే రెండు మాటలు పక్కన పెట్టి అసలు కారణాలు ఎలా వెతకాలో నాకు తెలిసినంత చెబుతాను. టీచర్లే చేయాలని లేదు. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నవాళ్లు కూడా హెడ్మాస్టరుగారిని అడిగి చేయొచ్చు. కావలసినవి అడ్మిషన్ రిజిస్టరు, గత ఏడాది హాజరు పట్టీలు, ఒక కట్ట జవాబు పత్రాలు, రెండు రంగుల పెన్సిళ్లు, ఒక లాంగ్ నోటుబుక్కు.

పరీక్ష రాయని వాళ్లతో మొదలుపెట్టండి

పాస్ శాతం పరీక్ష రాసినవాళ్ల లెక్క. మనకు కావలసింది బడిలో చేరినవాళ్ల లెక్క. నాలుగేళ్ల కిందటి ఆరో తరగతి అడ్మిషన్లను, ఈ ఏడాది పదో తరగతి నామినల్ రోల్స్‌ను, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితాను, పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు ఆరో తరగతిలో 40 మంది ఆడపిల్లలు, 40 మంది మగపిల్లలు చేరారనుకుందాం. పదిలో 34 మంది ఆడపిల్లలు, 25 మంది మగపిల్లలు మిగిలారు. వాళ్లలో 30 మంది ఆడపిల్లలు, 20 మంది మగపిల్లలు పాసయ్యారు. పేపర్లో వచ్చేది 88 శాతం, 80 శాతం. చేరినవాళ్లలో ఎందరు పాసయ్యారని చూస్తే 75 శాతం, 50 శాతం. ఎనిమిది అనుకున్న తేడా ఇరవై ఐదు. కొన్ని ఊళ్లలో ఇది తిరగబడుతుంది. మగపిల్లలు అందరూ ఉంటారు, ఆడపిల్లలే రాలిపోయి ఉంటారు. మీ బడిది మీరే లెక్క కట్టాలి, పక్క ఊరి లెక్క పనికిరాదు.

లేని ప్రతి పేరు ఎదుట ఎక్కడికి పోయారో రాయండి. ఇక్కడ ఓపిక కావాలి. "డ్రాపౌట్" అని ఒక్క ముక్క రాస్తే ఏమీ తెలియదు. ప్రైవేటు బడికా, ఆడపిల్లల హాస్టలు బడి కేజీబీవీకా, గురుకులానికా, పనికా, పెళ్లికా, వలసకా? ఊళ్లోని పిల్లలనే అడగండి, వాళ్లకు అన్నీ తెలుసు.

ఈ పని మొదటిసారి చేసినప్పుడు నా కళ్లు తెరిపించింది "ప్రైవేటు" అని రాసిన పేర్ల వరస. దాదాపు అన్నీ మగపిల్లల పేర్లే. వాళ్ల అక్కాచెల్లెళ్లు మా బడిలోనే ఉన్నారు. పొద్దున ఒకే ఇంటి ముందు తమ్ముడు ప్రైవేటు బడి వ్యాను ఎక్కుతాడు, అక్క నడిచి మా దగ్గరకు వస్తుంది. ఫీజు కట్టగలిగిన ఇళ్లు కొడుకులను తీసుకెళ్లిపోతే, ప్రభుత్వ బడిలో మిగిలే మగపిల్లలు ఎక్కువగా అదీ కుదరని ఇళ్లవాళ్లు. ఆడపిల్లలు మాత్రం అన్ని రకాల ఇళ్లనుంచీ ఉంటారు. అంటే మన తరగతిలో మనం పోలుస్తున్నది ఆడపిల్లలనూ మగపిల్లలనూ కాదు, కొంతవరకు రెండు రకాల ఇళ్లను. 2002 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో సుమారు మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో కూడా ప్రైవేటు బడికి పంపే దగ్గర మొగ్గు కొడుకుల వైపే కనిపించింది. కాబట్టి మీ బడిలో ఆడపిల్లలు ముందుంటే సంతోషించే ముందు వాళ్ల తమ్ముళ్లు ఎక్కడ చదువుతున్నారో అడగండి. తరగతిలో లేచి నిలబడమని అడక్కండి, నోటుబుక్కులో రాయించండి.

హాజరు పట్టీకి రంగులు వేయండి

ఏడాది పట్టీలు తీసుకుని ఆడపిల్లల గైర్హాజరుకు ఒక రంగు, మగపిల్లలకు ఇంకో రంగు గడుల్లో పూయండి. మొత్తం రోజులు కూడి శాతం తీయడం తర్వాత చూడొచ్చు. ముందు దూరంగా పెట్టి బొమ్మలా చూడండి. మా బడిలో రెండు రంగులకు రెండు ఆకారాలు వచ్చాయి.

ఆడపిల్లల రంగు చినుకుల్లా పడింది. నెలకు రెండు రోజులో మూడు రోజులో, సంతనాడో, చెల్లికి జ్వరమొచ్చిన నాడో, నెలసరి రోజుల్లోనో. మగపిల్లల రంగు కట్టలు కట్టలుగా ఉంది. వారం, పది రోజులు, తర్వాత నెల, ఆ తర్వాత హాజరు గీత తిరిగి రాలేదు. చినుకుగా పోయిన రోజులను పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకోవచ్చు. నెల పోతే బీజగణితంలో ఒక అధ్యాయమే పోతుంది, తిరిగొచ్చినవాడికి బోర్డు మీదున్నది పరాయి భాషలా కనిపిస్తుంది, రెండు రోజులు కూర్చుని మూడో రోజు మానేస్తాడు. మగపిల్లలు "సోమరులు" అని మనం పిలిచేది చాలాసార్లు ఈ మూడో రోజునే.

తర్వాత ఆ బొమ్మ పక్కన మీ ఊరి పంటల క్యాలెండరు రాయండి. పనికోసం వలస పోయే కాలాన్ని మా ప్రాంతంలో సుగ్గి అంటారు. సంక్రాంతి ముందూ వెనకా కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోతాయి. తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. పత్తి విత్తనం పండించే పొలాల్లో క్రాసింగ్ పని ఇంకో సంగతి. సాయంత్రం మొగ్గలు విప్పి, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దే పని అది. పొద్దున, సాయంత్రం, నెలల తరబడి. చిన్న చేతులు, తక్కువ కూలి, ఎదురు మాట్లాడరు అని ఆ పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టుకునేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆగస్టు వస్తే ఏడో తరగతిలో బెంచీలు ఖాళీ అయ్యేవి. ఇప్పుడు తగ్గింది, పోలేదు.

సుగ్గికి ఎవరిని వెంట తీసుకెళతారు, ఎవరిని వదిలి వెళతారు అన్నది కచ్చితంగా అడగాలి. ఒక తల్లి నాతో, "వయసుకొచ్చిన ఆడపిల్లని ఒక్కదాన్ని ఇంట్లో ఇడ్సిపెట్టి యాట్ల పోయేది మేడం?" అంది. ఆమెకు పిల్ల చదువు మీద ఇష్టం లేక కాదు. రాత్రిపూట ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది అన్నదే ప్రశ్న. దానికి సమాధానం వలస పోయినవాళ్ల పిల్లలు ఆ నెలలు ఉండే సీజనల్ హాస్టలు, ఆడపిల్లలకు వేరే గది, రాత్రి ఉండే ఆడమనిషి. ఇవి ఏర్పాటయిన ఏడు ఆ పిల్ల మార్చిలో పరీక్ష రాసింది. ఏర్పాటు కాని ఏడు ఆమె అక్క రాయలేదు.

నిన్నటి రోజు రాయించండి

"ఇంట్లో పని చేస్తావా?" అని అడిగితే ఆడపిల్ల "లేదు మేడం" అంటుంది. ఊడవడం, కడవతో నీళ్లు తేవడం, తమ్ముడికి తినిపించడం ఆమె దృష్టిలో పనే కాదు. అందుకని ప్రశ్న మార్చండి. "నిన్న నువ్వు కళ్లు తెరిచినప్పటినుంచి పడుకునేదాకా ఏమేం చేశావో వరసగా రాయి" అనండి. అందరూ రాయాలి, మగపిల్లలు కూడా. గంటలు గుర్తుండవు కాబట్టి మసీదు బాంగు, మొదటి బస్సు, టీవీ సీరియలు, కరెంటు పోయిన సమయం లాంటి గుర్తులు చెప్పండి. సోమవారం రాయించకండి, ఆదివారం పని వేరుగా ఉంటుంది.

దేశం మొత్తానికి 2019లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానిమీద పెడుతున్నారు. అది ఆరేళ్లు దాటిన అందరి లెక్క. మీ తరగతి పిల్లలు రాసినవి దగ్గర పెట్టుకుంటే ఆ 299 ఎన్నో ఏట మొదలవుతుందో మీకే తెలుస్తుంది. మా బడిలో ఏడో తరగతి.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని దాటేసి పోకండి. ఆడపిల్లకు పని ఎక్కువ, చదివే సమయం తక్కువ. అయినా ఆమే ఎక్కువ పాసవుతోంది. ఎలా? నేను చాలా కాలం సమాధానం లేకుండా ఉన్నాను. తొమ్మిదో తరగతి పాప ఒకతి మధ్యాహ్నం భోజనం తర్వాత ప్లేటు కడుగుతూ చెప్పింది. "మా అన్న ఫెయిలయినా ఎవరూ ఏమన్లేదు మేడం, మెకానిక్ షెడ్డుకు పోతాండాడు. నేను ఫెయిలైతే ఊరుకోరు. సదువు అయిపాయె కదా, పెండ్లి సేస్తామంటారు."

ఆ రోజునుంచి మార్కుల తేడాను నేను వేరుగా చూస్తున్నాను. తప్పిన మగపిల్లాడికి షెడ్డు ఉంది, ఆటో ఉంది, బెంగుళూరులో బిల్డింగు పని ఉంది, నెల తిరిగేసరికి చేతిలో డబ్బు ఉంటుంది. తప్పిన ఆడపిల్లకు ఉన్నది పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మన తరగతిలో ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లకు ఈ అంకె తెలియకపోవచ్చు గాని, ఈ అంకెలో ఉన్న వదినలూ అక్కలూ తెలుసు. ఆమె "బుద్ధి"గా చదవడానికి వెనక భయం కూడా ఉంది. అది తెలిశాక "ఆడపిల్లలను చూసి నేర్చుకోండ్రా" అని మగపిల్లలతో అనలేకపోయాను.

మగపిల్లల కాగితాలు కూడా అంతే శ్రద్ధగా చదవండి. సాయంత్రం మా ఊరి మగపిల్లలకు ఇంట్లో చోటు ఉండదు. ఒకటే గది, అందులో అమ్మ, అక్క, టీవీ. వాడు చీకటి పడేదాకా బయటే ఉంటాడు, గ్రౌండులోనో, అంగడి దగ్గర ఫోను చూస్తూనో. పదిమందిలో ఒకడు పుస్తకం తీస్తే మిగతావాళ్లు "ఏం రా, పాపమ్మా" అని ఎగతాళి చేస్తారు. చదువు ఆడపిల్లల పని అయిపోయింది అక్కడ. ఈ ఒక్క మాట వల్ల వాళ్లకు జరుగుతున్న నష్టాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు.

జవాబు పత్రంలో ఖాళీలు వేరు, తప్పులు వేరు

సమ్మేటివ్ పరీక్ష పేపర్లు దిద్దేశాక మళ్లీ ఒకసారి తీయండి. ఈసారి మార్కులు చూడొద్దు. ప్రతి ప్రశ్నకూ మూడు గుర్తులే పెట్టండి: రైటు, ప్రయత్నించి తప్పు, అసలు ముట్టుకోలేదు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడిగా కూడండి.

నాకు కనిపించింది ఇది. మన ఆడపిల్లలు పాఠ్యపుస్తకంలో చేయించిన లెక్క వస్తే సోపానాలతో, కొట్టివేతలు లేకుండా పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. కొత్తగా మార్చి ఇచ్చిన లెక్కను ఖాళీగా వదిలేస్తారు. అడిగితే "అది మీరు చెప్పలేదు కదా మేడం" అంటారు. మగపిల్లలు తెలిసిన లెక్కలోనూ సోపానాలు ఎగరగొట్టి మార్కులు పోగొట్టుకుంటారు, తెలియని లెక్కలో మాత్రం ఏదో ఒకటి గీకుతారు. పదో తరగతి పరీక్ష మొదటి పద్ధతికి మార్కులిస్తుంది. తర్వాత రాసే పోటీ పరీక్షలకు రెండోదీ కావాలి. తప్పు రాయడానికి ఆడపిల్ల ఎందుకు వెనకాడుతుందో మన ఇళ్లలో ఆమె తప్పు చేస్తే ఏమవుతుందో ఆలోచిస్తే చాలావరకు తెలిసిపోతుంది. పుట్టుకతో వచ్చిన గుణమని నేను ఒప్పుకోను, ఎందుకంటే ఒక టర్ములో అది మారడం చూశాను. ప్రతి పరీక్షలో ఒక ప్రశ్నకు "జవాబు తప్పయినా ప్రయత్నానికి రెండు మార్కులు" అని పెట్టాను. మూడో పరీక్షకు ఖాళీలు తగ్గాయి.

మగపిల్లల తప్పుల్లో ఇంకో సంగతి దాగి ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఒకడు లాభనష్టాల లెక్క ఎప్పుడూ తప్పు చేసేవాడు. వాడే ఆదోని పత్తి మార్కెట్టుకు తండ్రితో వెళ్లి, క్వింటాలు ధర, తరుగు, హమాలీ ఖర్చు తీసేసి చేతికెంత రావాలో నోటితో చెప్పేవాడు. వాడికి లెక్క వచ్చు. ప్రశ్న చదవడం రాదు. మూడో తరగతి తెలుగు వాచకం ఇచ్చి చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోయాడు.

అందుకే ఏ సబ్జెక్టు టీచరైనా జూన్‌లో ఈ పరీక్ష పెట్టాలి. మూడో తరగతి వాచకం నుంచి ఒక పేరా, ఒక్కొక్కరిని పక్కకు పిలిచి చదివించండి. తరగతి ముందు వద్దు. లెక్కల్లో, సైన్సులో వెనకబడ్డారనుకున్న మగపిల్లల్లో ఎందరు నిజానికి చదవడంలో వెనకబడ్డారో తెలుస్తుంది. ఇది మన ఊళ్లకే పరిమితం కాదు. పదిహేనేళ్ల పిల్లలకు 2022లో చాలా దేశాల్లో పెట్టిన పీసా పరీక్షల్లో, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి సగటున చదవడంలో అమ్మాయిలు 24 పాయింట్లు ముందున్నారు. లెక్కల్లో అబ్బాయిలు 9 పాయింట్లు ముందున్నారు. చదవడంలో తేడా లెక్కల తేడాకంటే రెండింతలు దాటి ఉంది. మనం మాత్రం ఆడపిల్లలకు లెక్కలు రావేమోనని వాపోతాం, మగపిల్లలకు చదవడం రావట్లేదన్నది పట్టించుకోం.

మన నోరు, మన చెయ్యి

ఇది చేయడానికి మనసు ఒప్పదు. నాకూ ఒప్పలేదు. మీరు పాఠం చెబుతుండగా వెనక కూర్చుని గీతలు పెట్టమని తోటి టీచరును అడగండి. ఎవరిని బోర్డు దగ్గరకు పిలిచారు, ఎవరిని చాక్‌పీసు తెమ్మన్నారు, ఎవరిని తిట్టారు, తప్పు చెప్పినప్పుడు ఏమన్నారు. మూడు పీరియడ్లు చాలు.

నా గీతల్లో తేలింది చెబుతాను. హోంవర్కు లెక్క బోర్డు మీద చేయడానికి ఆడపిల్లలను పిలుస్తున్నాను, కొత్త లెక్కకు మగపిల్లలను. మగపిల్లాడు తప్పు చెబితే "ఇంకోసారి ఆలోచించరా, వస్తుంది" అంటున్నాను. ఆడపిల్ల తప్పు చెబితే "పర్లేదమ్మా, కూర్చో." అది దయ అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆలోచించే అవకాశం ఒకరికి, కూర్చునే అవకాశం ఇంకొకరికి ఇస్తున్నానని కాగితం మీద చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక తిట్లలో ముప్పాతిక మగపిల్లలవే. అల్లరి ఇద్దరూ చేసినా సరే.

దిద్దడంలో కూడా ఇది ఉంటుంది. ఇజ్రాయెల్‌లో విక్టర్ లావీ అనే ఆర్థికవేత్త ఒకే పిల్లల పేర్లు తెలియకుండా దిద్దిన మార్కులనూ, వాళ్ల టీచర్లే దిద్దిన మార్కులనూ పోల్చి చూశాడు. టీచర్లు దిద్దిన చోట మగపిల్లలకు మార్కులు తగ్గాయి. మన దగ్గర చేతిరాత, మార్జిన్, స్కెచ్ పెన్ గీతలు చూసి ఎంత ప్రభావితం అవుతామో అందరికీ తెలుసు. పరీక్షించుకోవడం తేలిక. పేరున్న చోటు మడిచి పిన్ను కొట్టి, నంబరు వేసి, పక్క బడిలో అదే సబ్జెక్టు టీచరుతో కట్టలు మార్చుకోండి. రెండు మార్కులూ పక్కపక్కన రాయండి.

ఇంకో పరిశోధన మన రాష్ట్రం నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేత్ ఆంధ్రప్రదేశ్ గ్రామాల ప్రాథమిక పాఠశాలల సమాచారాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, ఆడ టీచరు చెప్పిన ఏడు ఆడపిల్లలు మరింత నేర్చుకున్నారని, దానివల్ల మగపిల్లలకు నష్టమేమీ జరగలేదని చూపించారు. మీ బడిలో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లందరూ మగ టీచర్లే అయితే అది కూడా మీ నోటుబుక్కులో ఒక కారణంగా రాయండి.

దారి, మరుగుదొడ్డి

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం ఆడపిల్లల మరుగుదొడ్డిలోకి మీరే వెళ్లి చూడండి. గడియ పడుతుందా, నీళ్లున్నాయా, వాడిన ప్యాడ్ వేయడానికి చోటుందా. 2021 నుంచి ఆంధ్రలో 'స్వేచ్ఛ' కింద ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది. ప్యాడు ఉన్నా మార్చుకునే చోటు లేకపోతే ఆ పిల్ల రాదు. పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చునే పిల్లలున్నారు. ఆడ టీచరు అడిగితేనే చెబుతారు. దారి విషయానికొస్తే, బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చాక హైస్కూలు చేరికలో ఆడమగ తేడా 40 శాతం తగ్గిందని మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ లెక్కగట్టారు. సైకిలు ఉన్న పిల్లల పేర్లు, కల్లుదుకాణం ముందునుంచి నడిచి రావలసిన పిల్లల పేర్లు విడివిడిగా రాయండి. చాలు.

పది తర్వాత రెండేళ్లు వెంట ఉండండి

ఎక్కువ బడులు ఇక్కడ ఆపేస్తాయి, అసలు తేడా ఇక్కడే తిరగబడుతుంది. పాసైన ప్రతి పిల్లకూ ఒక వరస గీయండి: ఏ ఊరు, ఏ గ్రూపు, హాస్టలా ఇల్లా, ఫీజెంత, ఆ గ్రూపు ఎవరు ఎంచుకున్నారు. చివరి గడి ముఖ్యం. లెక్కల్లో నూటికి తొంభై దాటిన నా పిల్లల్లో కొందరు లెక్కలే లేని సీఈసీ గ్రూపులో చేరారు. ఎందుకంటే ఊరికి దగ్గర కాలేజీలో ఎంపీసీ సెక్షను లేదు, ఉన్న చోటికి రెండు బస్సులు మారాలి.

ఈ రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. పదో తరగతి మార్కులతోనే సీటిచ్చే మన ట్రిపుల్ ఐటీల్లో, నూజివీడులో గాని ఇడుపులపాయలో గాని బాసరలో గాని, ఆడపిల్లలే ఎక్కువ. రెండేళ్లు, లక్షల ఫీజు, ఇంటికి దూరంగా కోచింగు అడిగే ఐఐటీల్లో 2016 ప్రాంతంలో వాళ్లు నూటికి ఎనిమిది మంది. 2018లో అదనపు సీట్లు తెచ్చి, 2020 నాటికి 20 శాతానికి చేర్చవలసి వచ్చింది. అవే ఊళ్లు, అలాంటి పిల్లలే. మధ్యలో మారింది ఇంట్లో డబ్బు ఎవరిమీద పెడతారన్నది, ఏ పిల్లను ఊరు దాటిస్తారన్నది.

ఇంటికి వెళ్లినప్పుడు

ఇంతదాకా చేసినది కాగితం. అసలు మాట ఇంట్లో దొరుకుతుంది. సాయంత్రం వెళ్లండి, పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక. ఇచ్చిన టీ తాగండి. "పిల్లను ఎందుకు చదివించరు?" అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. నేను "అన్నా, పాప విషయంలో నీకు ఎక్కడ కష్టంగా ఉందో చెప్పు" అంటాను. ఒకాయన చాలాసేపు ఊరుకుని చెప్పాడు. "ఇంటర్ సదివిస్తే డిగ్రీ సదివినోన్ని తేవాల. వానికి ఇచ్చేది యాడ్నుంచి తేవాల మేడం?" కట్నం భయం అది. బాగా చదివే పిల్ల ఆ ఇంట్లో ఖర్చు పెంచే పిల్ల. దీనికి ఉపన్యాసం పనికిరాదు. పాలిటెక్నిక్ చేసి నెల జీతం తెచ్చుకుంటున్న మా పాత విద్యార్థిని ఒకతి ఫోను నంబరు ఆమెను అడిగే ఇచ్చాను. ఆమె ఈ పాప వాళ్లమ్మతో మాట్లాడింది. పాపతో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించారు.

అమ్మతో విడిగా మాట్లాడటం మరచిపోవద్దు. మగపిల్లల ఇళ్లకు కూడా అంతే తప్పనిసరిగా వెళ్లండి. వాడు నెల తెచ్చే ఎనిమిది వేలతో ఏ అప్పు తీరుతోందో తెలిస్తే గాని వాడిని తిరిగి బడికి తేవడం ఎలాగో తెలియదు.

కారణాలు దొరికాక

అన్నింటినీ ఒకేసారి పట్టుకోకండి. మీ నోటుబుక్కులో ఎక్కువ పేర్లు ఏ కారణం కింద ఉన్నాయో అది ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు తీసుకోండి. మా బడిలో మగపిల్లలకు చదవడం తీసుకున్నాం. ఎనిమిదో తరగతికి రోజూ మొదటి అరగంట తెలుగు చదువు, ఏ సబ్జెక్టు టీచరైనా సరే. పీఈటీ సారును ఆ అరగంట తీసుకోమని అడిగాం, ఆయన క్రికెట్ వార్తలు చదివించేవారు. మగపిల్లలు ఎగతాళి మానింది ఆయన చేతిలో పేపరు చూశాకే. ఆడపిల్లలకు పది తర్వాత దారి తీసుకున్నాం. జనవరిలోనే, పెళ్లిచూపుల మాట రాకముందే, కాలేజీ, హాస్టలు, బస్సు, స్కాలర్‌షిప్ వివరాలు ఇంటింటికీ చెప్పి, దరఖాస్తులు బడిలోనే నింపించాం. ఇప్పుడు టీసీలు ఫలితాలు వచ్చిన వారంలో ఇచ్చేస్తున్నాం. రాని పిల్ల ఉంటే ఎనిమిదో రోజున నేనో తెలుగు మేడమో వాళ్ల ఇంటికి వెళతాం.

రంగులు పూసిన పట్టీలు, నిన్నటి రోజు కాగితాలు, పది తర్వాత వరసలు అన్నీ ఒకే నోటుబుక్కులో అంటించి పెట్టండి. పిల్లల ఇళ్ల సంగతులు అందులో ఉంటాయి కాబట్టి తాళం ఉన్న చోట ఉండాలి. మనకు బదిలీలు అవుతుంటాయి. నాకు కిందటిసారి బదిలీ అయినప్పుడు రిలీవింగ్ ఆర్డరు తీసుకునే ముందు ఆ నోటుబుక్కును కొత్త లెక్కల మేడం చేతికిచ్చి, ఇంకా టీసీ తీసుకోని ముగ్గురి ఇళ్లు చూపించి వచ్చాను.